ఒకే బల్ల చుట్టూ కూర్చున్నా అందరూ ఒకే ఆట ఆడరు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎనిమిది నెలలుగా జీఎంతో (గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపించేవారు) కలిపి ఆరుగురు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారు, తలా ఒక పాత్ర పట్టుకుని మాటలతో, డైస్‌తో కథ నడిపే ఆట. మీకు మీ పాత్ర గతం, ఆ పాత్రకి తండ్రితో ఉన్న తగాదా, దారిలో తగిలే మనుషులతో మాటలు ఇష్టం. ఇద్దరు మాత్రం పోరాటం మొదలైతే తప్ప ఫోన్ లోంచి తలెత్తరు. ఒకాయన రూల్‌బుక్ ముందేసుకుని లెక్కలు కడుతుంటాడు. ఇంకొకరు అసలు నోరే విప్పరు. "ఇంతకీ ఈ ఆట సరిగ్గా ఆడటం అంటే ఏమిటి? తప్పు నాదా, వాళ్ళదా?" అని అడిగారు.

ఎవరిదీ కాదండీ. ఇరవై రెండేళ్ళుగా ఆడుతున్నాను, అందులో చాలా భాగం జీఎం కుర్చీలోనే గడిచింది. ఈలోగా నా కళ్ళ ముందు ఏడు గుంపులు విచ్చిపోయాయి. నిజంగా పోట్లాడుకుని పోయినవి రెండే. మిగతావన్నీ "ఈ వారం నాకు కుదరదు", "వచ్చే వారం చూద్దాం" అంటూ ఒక్కొక్కరే జారుకుని చల్లారిపోయినవే. వెనక్కి తిరిగి చూసుకుంటే, ఎవరు దేనికోసం వస్తున్నారో ఆ అయిదింటిలో ఎక్కడా ఎవరూ నోరు తెరిచి చెప్పుకోలేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటాం గానీ, క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) చేతికి రాగానే ఆ సంగతి మర్చిపోతాం.

ఈ తికమక ఆట పుట్టుకలోనే ఉంది. 1969లో అమెరికాలో, మిన్నెసోటా జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే ఆయన, బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధాలాడే ఆటగాడు, తన గుంపు కోసం బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణాన్ని తయారు చేశాడు. నెపోలియన్ కాలం నేపథ్యం. అప్పటిదాకా అలాంటి ఆటల్లో ఆటగాడంటే ఒక సైన్యం. వెస్లీ ఒక్కొక్కరికి ఒక్కో మనిషిని ఇచ్చాడు: ఒకరు మేయర్, ఒకరు బ్యాంకర్, ఒకరు విశ్వవిద్యాలయం పెద్ద, అలాగ. సైన్యాలు వచ్చి తలపడే ముందు ఇదంతా కాసేపు సాగే నాందీ అనుకున్నాడాయన. ఆటగాళ్ళేమో మూలమూలకీ పోయి గుసగుసలు, బేరాలు, కుట్రలు మొదలెట్టారు. యుద్ధం దాకా ఆట రానేలేదు. ఆట చెడిపోయిందని వెస్లీ నీరుగారిపోతే, ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడు పెడతావని వెంటపడ్డారు. ఆ గుంపులోవాడే డేవ్ ఆర్నెసన్. ఆయన దాన్ని పట్టుకుని బ్లాక్‌మూర్ అనే తన లోకం కట్టుకున్నాడు, తర్వాత గ్యారీ గైగ్యాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు. మొదటి ముద్రణ వెయ్యి పెట్టెలు. అంటే, నడిపించేవాడు అనుకున్న సరదా ఒకటి, ఆడినవాళ్ళకి దొరికిన సరదా ఇంకొకటి. మీ బల్ల దగ్గర జరుగుతున్నదీ అదే, కాకపోతే ఆరు వైపుల నుంచి.

నా బల్ల దగ్గర జరిగినది ఒకటి చెబుతాను. వరదొచ్చిన నది, దాటాలి. ఒకే ఒక్క పడవ. పడవవాడు మనిషికి పది వెండి నాణేలు అడుగుతాడు. నా నోట్సులో ఉన్నది ఈ ఒక్క లైనే, అయిదు నిమిషాల్లో అవతలి ఒడ్డుకి చేరతారనుకున్నాను. ఒకమ్మాయి పడవవాణ్ణి చూసి "తాతా, ఆ చేతికి కట్టేమిటి?" అంది. నేను కట్టు సంగతే చెప్పలేదు! తనే కల్పించి నా నెత్తిన పెట్టింది. సరేనని నేనూ అందుకున్నాను. తాతకి కూతురు, కూతురికి మొగుడు, ఆ మొగుడికి అప్పులు... ముప్పావుగంట. ఈలోగా రెండో ఆయన కాగితం తీసి, యాభై అడుగుల తాడు, నది వెడల్పు, ఈత చెక్‌కి (ఈదగలరా అని వేసే డైస్‌కి) ఎంత కావాలి అని లెక్క మొదలెట్టాడు. మూడోవాడు డైస్ అరచేతిలో ఆడిస్తూ "వాణ్ణి నీళ్ళలోకి తోసేసి పడవ తీసుకుందాం" అని నాలుగుసార్లు అన్నాడు, అయిదోసారి నీళ్ళలోంచి ఒక జంతువుని లేపి అతని చేతికి పని కల్పించాను. నాలుగో మనిషి ఏమీ అనలేదు.

ఆ రాత్రి ఆట చేతులారా పాడు చేశాననుకున్నాను. తర్వాతి వారం మాటల్లో తెలిసింది: ఆ అమ్మాయికి తాత కూతురి కథ గుర్తుంది. లెక్కలాయన తాడుతో దాటి నలభై నాణేలు మిగిల్చిన సంగతి ఇద్దరు స్నేహితులకి చెప్పుకున్నాడట. మూడోవాడికి ఆ జంతువు మీద పడిన నేచురల్ ఇరవై (ఇరవై ముఖాల డైస్ మీద నేరుగా పడిన ఇరవై) తప్ప పడవవాడున్నట్టే గుర్తులేదు. నాలుగో మనిషి ఒక కాగితం నా ముందు పెట్టాడు, పెన్సిల్‌తో గీసిన పడవ, అందులో చేతికి కట్టుతో తాత. నలుగురూ ఆడినది ఒకే మూడు గంటలు.

ఇక్కణ్ణుంచి ఒక్కో రుచి గురించి మాట్లాడతాను. మీకు లెక్కలాయన మీద చిన్న చిరాకు ఉన్నట్టు కనిపించింది కాబట్టి ఆయనతోనే మొదలుపెడతాను.

పాత్రని బలంగా కట్టుకోవడం, డైస్‌కి కలిసే ఒక్కో ప్లస్ ఒకటి కోసం పేజీలు తిరగేయడం చూసేవాళ్ళకి పిసినారి లెక్కలా ఉంటుంది. లోపల ఉన్నది పజిల్ విప్పే ఆనందం. ఉదాహరణకి, రెండు ఇరవై ముఖాల డైస్ వేసి పెద్దది తీసుకునే అడ్వాంటేజ్ రూల్. పదకొండు గానీ అంతకు మించి గానీ పడితే చాలన్నప్పుడు నూటికి యాభైగా ఉన్న అవకాశం డెబ్బై అయిదవుతుంది. ఇరవయ్యే పడాలన్నప్పుడు అయిదు నుంచి దాదాపు పదికి పెరుగుతుంది, అంతే. రెండు పడితే చాలన్నప్పుడు తొంభై అయిదు ఎలాగూ ఉంది, ఇంకో నాలుగుముప్పావు వస్తుంది. కష్టమైన దెబ్బకి దాచుకుందాం అనిపించే ఆ రూల్ నిజానికి నడిమధ్యలోనే బాగా పనిచేస్తుందన్నమాట. ఇది తనంతట తాను కనిపెట్టిన రోజు ఆయన మొహం చూడాల్సింది. మీరు తండ్రీ కూతుళ్ళ సంభాషణలో పొందేదీ ఆయన ఇందులో పొందేదీ ఒకే స్థాయి ఆనందం. ఆయన తప్పు చేసేది ఒక్కచోటే: పక్కవాళ్ళ పాత్రల్ని కూడా తనే సరిచేయబోయినప్పుడు. అప్పుడు మాత్రం మొహమాటపడకుండా ఆపండి.

పోరాటం కోసమే వచ్చేవాళ్ళు ఇంకో రకం. రోజంతా ఎవరో చెప్పిన పని చేసి వచ్చి, ఓ సాయంత్రం గొడ్డలి పట్టుకుని తలుపు బద్దలు కొట్టాలనుకోవడంలో వింతేముంది? వాళ్ళకి పెద్ద వ్యూహం అక్కర్లేదు, తమ వంతు తొందరగా రావాలి. మీ గుంపులోని ఆ ఇద్దరూ ఫోన్ చూస్తున్నారంటే మీ సంభాషణలు విసుగని అనుకోకండి. ఆ సన్నివేశంలో తమకి చేయడానికి ఏదీ లేదని అనుకుంటూ ఉండవచ్చు. ఈసారి మీ తండ్రి సన్నివేశంలో వాళ్ళలో ఒకరిని మీ అంగరక్షకుడిగా పక్కన నిలబెట్టి, "నాన్న అబద్ధం చెబుతున్నాడనిపిస్తే కత్తి మీద చెయ్యి వెయ్యి" అని చెప్పి చూడండి.

అన్వేషణ రుచి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామందికి ఇది తగలదు. నాకు వ్యక్తిగతంగా ప్రాణం ఇదే. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ రూల్స్‌లో నేలమాళిగల్లోకి దిగాక కాలాన్ని పది నిమిషాల టర్నులుగా లెక్కపెడతారు. కాగడా ఆరు టర్నులు వెలుగుతుంది. ప్రతి రెండు టర్నులకీ జీఎం ఒక డైస్ వేస్తాడు, ఒకటి పడితే ఏదో ఒక ప్రాణి ఎదురొస్తుంది. గోబ్లిన్ అనే చిన్న రాక్షసుణ్ణి చంపితే వచ్చేది అయిదు అనుభవ పాయింట్లు, పాత్ర ఎదగడానికి కావాల్సినవి అవే. దాని సంచిలోని వంద బంగారు నాణేలు ప్రాణాలతో బయటికి తెస్తే వంద పాయింట్లు. ఈ నాలుగు రూల్స్ పక్కపక్కన పెట్టి చూడండి. పోట్లాడటం నష్టం, వెతకడం లాభం, కానీ వెతికేకొద్దీ కాగడా అరిగిపోతుంది. "ఇంకో గది చూద్దామా, వెనక్కి పోదామా" అని నలుగురు గుసగుసలాడుకునే ఆ నిమిషం కోసమే ఈ యంత్రమంతా. మూడో కాగడా సగం అయిపోయాక, చేతిలో మ్యాప్ తప్పుగా గీశామని తెలిసినప్పుడు కలిగే భయం ఏ రాక్షసుడూ పుట్టించలేడు. ఈ రకం ఆటలో పాత్రకి గతం రాసుకోవడం మంచిది కూడా కాదు, రెండో గదిలోనే పోవచ్చు. అలాంటి బల్ల దగ్గరికి మీరు నాలుగు పేజీల గతం రాసుకెళితే మీకూ బాధ, వాళ్ళకీ ఇబ్బంది.

ఏ ఆట దేనికి జీతమిస్తుందో చూస్తే అది ఎవరి కోసం తయారైందో తెలిసిపోతుంది. బంగారానికి పాయింట్లిచ్చే ఆటలో జనం దొంగల్లా ఆలోచిస్తారు, చంపితే పాయింట్లిచ్చే ఆటలో కత్తి ముందు మాట్లాడుతుంది. మీ జీఎం దేనికి పాయింట్లిస్తున్నారో ఓసారి అడగండి. పోరాటాలకి మాత్రమే అయితే, పాపం ఆ ఇద్దరూ రూల్స్ అడిగిందే చేస్తున్నారు.

ఇక మీ రుచికి వద్దాం. పాత్రలో ఉండటం, కథ అల్లడం అనే రెంటినీ జనం ఒకే గాటన కట్టేస్తారు. నా లెక్కలో అవి వేరు. మొదటి రకం మనిషికి పాత్ర కళ్ళలోంచే చూడాలి. పాత్రకి తెలియనిది తనకీ తెలియకూడదు. తలుపు వెనక హంతకుడున్నాడని ముందే చెప్పేస్తే ఆట చచ్చిపోయినట్టే. రెండో రకం మనిషి రచయిత కుర్చీలో కూర్చుంటాడు. హంతకుడున్నాడని తెలిసే తన పాత్రని నవ్వుతూ తలుపు తీయిస్తాడు, అలా అయితేనే కథ బాగుంటుందని. ఒకరు ఇంకొకరిని చూసి "ఇదేం ఆడటం" అనుకుంటారు. మీరు రాసినదాన్ని బట్టి మీరు మొదటి రకం అనిపిస్తోంది. అన్నట్టు, పాత్రలో ఉండటానికి గొంతు మార్చి మాట్లాడక్కర్లేదు. 2015లో మొదలైన క్రిటికల్ రోల్ లాంటి, ఈ ఆట ఆడుతూ చూపించే కార్యక్రమాలు చూసి అదే ప్రమాణమనుకుని బెదిరిపోయేవాళ్ళున్నారు. అక్కడ కూర్చున్నవాళ్ళు వృత్తిరీత్యా డబ్బింగ్ నటులండీ. "నా పాత్ర కోపంతో మొహం తిప్పుకుంటుంది" అని మామూలు గొంతుతో చెప్పినా సరిపోతుంది.

రచయిత కుర్చీ ఇష్టమైనవాళ్ళకి గత పదిహేను, ఇరవై ఏళ్ళలో ప్రత్యేకంగా ఆటలొచ్చాయి. 2010 నాటి అపోకలిప్స్ వరల్డ్‌లో రెండు మామూలు ఆరు ముఖాల డైస్ వేసి కూడతారు. పది గానీ అంతకు మించి గానీ అయితే పూర్తి గెలుపు, ఏడు నుంచి తొమ్మిది అయితే గెలుస్తారు గానీ మూల్యం చెల్లించాలి, ఆరు దాకా పడితే జీఎం చేతికి చిక్కినట్టే. ముప్ఫై ఆరు విధాల్లో పూర్తి గెలుపు ఆరే, మూల్యంతో గెలుపు పదిహేను. పాత్రకి అలవాటైన పనికి ఒకటో రెండో కలిసినా ఆ మధ్య ఫలితం దాదాపు అంతే తరచుగా వస్తుంది. అంటే ఆటే మిమ్మల్ని నిరంతరం ఇరుకులో పెడుతుంది, కథ దానంతటదే మలుపు తిరుగుతుంది. 2009 నాటి ఫియాస్కోలో జీఎమ్మే ఉండరు. ముగ్గురి నుంచి అయిదుగురు, ఒక్క సాయంత్రం, పెద్ద ఆశలు, చిన్న బుర్రలు ఉన్న మనుషులు. అంతా తలకిందులవడం చూడటమే అక్కడ సరదా.

ఓడిపోవడంలోనూ రుచి ఉంది. 1981లో శాండీ పీటర్సన్ తయారు చేసిన కాల్ ఆఫ్ క్తుల్హూ అనే భయానక పరిశోధన ఆటలో ప్రాణంతోపాటు మతి కూడా అంకెలో ఉంటుంది. అసలు రహస్యం తెలుసుకున్నకొద్దీ ఆ అంకె చేరగల గరిష్ఠం తగ్గుతుంది. తెలుసుకోకపోతే కేసు తేలదు, తెలుసుకుంటే మనిషి మిగలడు. ఇలాంటి భయానకం ఆడేటప్పుడు మాత్రం ఎవరికి ఏ విషయం పడదో ముందే మాట్లాడుకోండి. బల్ల మధ్యలో ఎక్స్ గీసిన కార్డు పెట్టి, దాన్ని ఎవరు తాకినా కారణం అడక్కుండా ఆ విషయం వదిలేయడం ఇప్పుడు చాలా గుంపుల్లో మామూలే. నేను మొదట్లో దీన్ని వెక్కిరించినవాణ్ణే. ఒకసారి ఒకరు తాకాక మానేశాను.

మీ మౌనముని సంగతి. నాకూ ఒకాయన ఉండేవాడు, పైన పడవ గీసిన ఆయనే. పాపం వెనకబడిపోతున్నాడనుకుని ఒక సెషన్ మొత్తం ఆయన చుట్టూ కట్టాను. రాజుగారి సభ, అందరి కళ్ళూ ఆయన మీదే, "ఇప్పుడు ఏం చేస్తావ్?" అని నేను. చెవులు ఎర్రబడ్డాయి, రెండు మాటలన్నాడు, ఆ తర్వాత మూడు వారాలు రాలేదు. నేనే ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాక వచ్చి, "నాకు మీరంతా ఆడుతుంటే అక్కడ ఉండటం ఇష్టం, అంతే" అన్నాడు. ఆటల రచయిత రాబిన్ లాస్ 2002లో ఆటగాళ్ళని ఏడు రకాలుగా విడదీసినప్పుడు ఇలాంటివాళ్ళని కూడా ఒక రకంగా లెక్కలోకి తీసుకున్నాడు. ఎవరి మీదా పోటీకి రారు, ఇద్దరు వాదించుకుంటుంటే మధ్యలో కూర్చుని గాలి చల్లబరుస్తారు. మీ గుంపులోని ఆ మనిషికి మ్యాప్ గీసే పని అప్పగించి చూడండి, వద్దంటే వదిలేయండి.

వర్గీకరణల మాట వచ్చింది కాబట్టి: ఇవి చాలా ఉన్నాయి. 1980లోనే గ్లెన్ బ్లేకోవ్ ఒక పత్రికలో నాలుగు రకాలన్నాడు. 2000 ప్రాంతంలో రాన్ ఎడ్వర్డ్స్ మూడన్నాడు, దాని మీద సాగిన వాదాలకి పెట్టిన గంటల్లో నెలల తరబడి సాగే ఓ పెద్ద క్యాంపెయిన్ ముగించవచ్చు. చదవండి, తప్పులేదు. కాకపోతే ఆ చీటీలు మనుషులకి అంటించకండి. నా లెక్కలాయనే ఒకసారి తన గుర్రం చచ్చిపోయిందని అరగంట ఆట ఆపించి అంత్యక్రియలు చేయించాడు. పోరాటం కోసమే వచ్చే రకం అనుకున్నవాడు గోడ మీది రాతల గుట్టు విప్పాడు. రుచి మనిషిని బట్టే కాదు, ఆ రోజుని బట్టి కూడా మారుతుంది.

బల్ల బయట సరదా కూడా ఆటలో భాగమే. రూల్‌బుక్కులు నవలల్లా చదివేవాళ్ళున్నారు, ఆడేది ఏడాదికి రెండుసార్లే అయినా. బల్ల మీద పాత్రగా నిలబెట్టే వేలెడంత బొమ్మ మొహం మీద కనుబొమ్మ గీయడానికి ఒక ఆదివారం ఖర్చు పెట్టేవాళ్ళున్నారు. 1977లో వచ్చిన ట్రావెలర్ పాత ఎడిషన్‌లో పాత్రని తయారు చేస్తుండగానే ఆ పాత్ర ఉద్యోగంలో చచ్చిపోవచ్చు. ఆ తయారీయే ఒక ఆటయిపోయి, ఒంటరిగా కూర్చుని పదుల కొద్దీ పాత్రల జీవితాలు డైస్ మీద నడిపినవాళ్ళలో నేనొకణ్ణి. ఒంటరి ఆట కొత్తదేమీ కాదు, టనల్స్ అండ్ ట్రోల్స్ అనే ఇంకో ఆట కోసం బఫెలో కాజిల్ అనే ఒక్కరే ఆడే సాహసం 1976లోనే వచ్చింది. ఇప్పుడైతే 2018 నాటి ఐరన్‌స్వోర్న్ ఉంది, పీడీఎఫ్ ఉచితం, జీఎం లేకుండా ఒక్కరే కూడా ఆడేలా రాసినది. మీ పాత్ర తండ్రి తగాదా మీ బల్ల దగ్గర పట్టకపోతే, రాత్రిపూట నోట్‌బుక్కులో దాన్ని అలా నడపొచ్చు. అది ఆడటం కాదనేవాళ్ళ మాట పట్టించుకోవద్దు.

ఇక మీరేం చేయాలంటే: వచ్చే సెషన్ మొదట్లో పది నిమిషాలు అడిగి తీసుకోండి. "మీకు ఎలాంటి ఆట ఇష్టం?" అని అడగొద్దు, అందరూ "అన్నీ ఇష్టమే" అంటారు. "ఇన్నాళ్ళలో ఇంటికెళ్ళాక కూడా తలచుకున్న ఒక్క ఘట్టం చెప్పండి" అనండి. జవాబులు కాగితం మీద రాయండి, జీఎంకి ఇవ్వండి. నేను ఇలా వచ్చిన జవాబుల్ని తర్వాతి సెషన్‌లో ఒక్కొక్కటీ ఒక్కసారైనా వచ్చేలా చూస్తాను, అన్నీ సమానంగా రావాలన్న పట్టింపు లేదు. ముప్పావుగంట పోరాటం వస్తే మీరు భరించండి, మీ సన్నివేశం పావుగంట వస్తే వాళ్ళని భరించమనండి. పావుగంట అన్నాను చూశారా, అది మీకు. సంభాషణ ఇష్టపడేవాళ్ళం గంటలు తినేస్తున్నామని మనకి తెలియదు.

రెండు నెలలు ఇలా నడిపినా మీకు ఆకలి తీరకపోతే ఆ గుంపుని మార్చే ప్రయత్నం మానేయండి. అందులోంచి ఇద్దరిని పిలిచి, వేరే రోజున రెండు గంటల వన్‌షాట్ (ఒక్క పూటలో ముగిసే ఆట) మీరే నడపండి. ఆ ఇద్దరిలో ఒకరు పడవ గీసే రకం అయితే మరీ మంచిది. ఒక పేజీ మించి సిద్ధం చేయకండి: ఒక చోటు, తలో రహస్యం ఉన్న ముగ్గురు మనుషులు, తెల్లారేలోగా తేలాల్సిన ఒక గొడవ. ఎవరైనా మీరు రాయని కట్టు ఒకటి ఏ తాత చేతికో కట్టేస్తే, దాని వెంట పోండి.